పుస్తకాల బండికి చలికాలపు ఆయిల్

పొద్దున్నే టీ తాగకముందే పెద్దమ్మ బండి బానెట్ ఎత్తుతుంది. ఇంజన్‌లో ఆయిల్ ఎంతుందో చూసే సన్నటి ఇనప పుల్లను బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి తీస్తుంది. మామూలుగా ఎవరైనా అక్కడితో ఆగుతారు. గీత దాకా ఆయిల్ ఉందో లేదో చూసుకుని పుల్లను లోపల పెట్టేస్తారు. పెద్దమ్మ మాత్రం దాన్ని నిలువుగా పట్టుకుని, కొసన చుక్క కూడి కిందికి రాలేదాకా నిలబడుతుంది. ఆ కాసేపూ ఆమెను పలకరించినా లాభం లేదు, వినపడదు. చుక్క ముందు గింజలా ఉబ్బుతుంది. తర్వాత మెల్లగా సాగుతుంది. పొద్దుటి వెలుగు ఎక్కణ్ణుంచో వచ్చి అందులో దూరుతుంది. ఒక్క క్షణం లోకమంతా తేనె రంగులో తలకిందులుగా వేలాడి, తెగి, మంచులో పడుతుంది.

"ఏమంటోంది?" అని కిటికీలోంచి పెదనాన్న అడుగుతాడు.

"నిద్ర లేచింది" అంటుంది ఒకరోజు. "ఇంకా బద్ధకిస్తోంది" అంటుంది ఇంకోరోజు.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. లైబ్రరీ వాళ్ళ పుస్తకాల బండి నడుపుతుంది. నీలం రంగు వ్యాను. లోపల రెండు పక్కలా అరలు, మధ్యలో ఒక్క మనిషి పట్టేంత దారి, వెనకవైపు మడత మెట్టు. లోయలో మొదలై కొండదారి పట్టుకుని పైన కనుమ దాకా పద్నాలుగు చోట్ల ఆగుతుంది. నేను ఎం.ఏ. చదువుతూ వాళ్ళింట్లో ఉన్న రెండేళ్ళలో సెలవు దొరికితే ఆ బండిలోనే ఉండేదాన్ని. వెనక అరల మధ్య పీట వేసుకుని కూర్చుంటే, ఒకవైపు పాత కాగితం వాసన, ఇంకోవైపు ఇంజన్ వాసన. మలుపు తిరిగినప్పుడల్లా పుస్తకాలన్నీ ఒక పక్కకి ఒరిగి, మళ్ళీ ఇంకో పక్కకి ఒరిగేవి. బండి నిద్రలో ఒత్తిగిలుతున్నట్టుండేది.

పెద్దమ్మకు ప్రతి మజిలీ మనుషులూ తెలుసు. పాల కేంద్రం దగ్గర ఒక పెద్దాయన ఒకే నవలను మూడు నెలలుగా తీసుకెళ్ళి తిరిగిచ్చేవాడు. సగం దాకా చదివి, చివర ఎవరైనా చచ్చిపోతారేమోనని భయపడి ఆపేసేవాడు. "ఎవరూ పోరు, చదువు బాబాయ్, నా పూచీ" అని పెద్దమ్మ ప్రతిసారీ చెప్పేది. నిజానికి ఆ నవలలో ఇద్దరు పోతారు. ఉన్ని మిల్లు అమ్మాయిలు భోజనాల గంటలో మెట్టు మీద కిక్కిరిసి నిలబడి, ఒకళ్ళ భుజం మీంచి ఒకళ్ళు చదువుకునేవాళ్ళు. అన్నిటికంటే పైన, కనుమ దగ్గర, రోడ్డు మీద మంచు తోసే పెద్ద బండి నడిపే మనిషి ఉంటాడు. అందరూ మంచు మామ అంటారు. చూడటానికి కొండరాయిలా ఉంటాడు, చదివేవన్నీ ప్రేమకథలు.

ఈ తిరుగుడు ఆగిపోతుందని అన్నప్పుడు పెద్దమ్మ ముఖం ఎలా మారిపోయిందో నేను చూశాను.

అంతకుముందు చలికాలపు రాత్రుళ్ళు బండి లైబ్రరీ వెనక షెడ్డులో పడుకునేది. పక్కగదిలో బాయిలర్ ఉండేది కాబట్టి షెడ్డు గోడలు ఎప్పుడూ గోరువెచ్చగా ఉండేవి. ఆ షెడ్డు తీసేసి కొత్త రీడింగ్ హాలు కట్టారు. బండి మా ఇంటి ముందు వీధిలోకి, ఆరుబయటికి వచ్చింది. ఆ చలికాలం పదకొండు రోజులు బండి కదల్లేదు. తాళం తిప్పితే ఇంజన్ లోపల ఎవరో మూలిగినట్టు ఒక శబ్దం, తర్వాత ఏమీ లేదు.

సూపరింటెండెంట్ మంచివాడే. అందుకే ఆయన చెప్పేది ఇంకా కష్టంగా ఉంటుంది. ఆయనే స్వయంగా మా ఇంటికి వచ్చి, కుర్చీ అంచున కూర్చుని, "అమ్మా, పైనుంచి ఒత్తిడి. వచ్చే చలికాలంలో మూడు రోజులు ఆగితే ఎలాగో సర్దుతాను. నాలుగో రోజు ఆగిందా, బండి పాత సామాన్లలోకి పోతుంది. మీ ఉద్యోగానికేం ఢోకా లేదు, లోపల కౌంటరు దగ్గర కూర్చోవచ్చు, వెచ్చగా ఉంటుంది" అన్నాడు.

"నాకు చలేం లేదు సార్" అంది పెద్దమ్మ.

ఆయన వెళ్ళాక చాలాసేపు తలుపు వైపే చూస్తూ కూర్చుంది. పెదనాన్న దర్జీ. ముందు గదిలోనే ఆయన మిషన్. అది కూడా ఆరోజు సాయంత్రం చప్పుడు చెయ్యలేదు.

పెద్దమ్మ పుట్టి పెరిగింది ఎండలు మండిపోయే మైదానపు ఊళ్ళో. అక్కడ వేసవిలో తారు కరిగి చెప్పులు రోడ్డుకి అతుక్కుపోయేవట. బండి నడపడం అక్కడే తాతయ్య లారీ మీద నేర్చుకుంది. పెళ్ళయి ఈ కొండల్లోకి వచ్చింది. వీధి చివర మెకానిక్ షెడ్డు మేస్త్రి కూడా ఆ ఊరివాడే. ఇంత దూరంలో సొంత ఊరి మనిషి కనపడ్డాడని ఆమె అన్నయ్యా అంది, ఆయన చెల్లెమ్మా అన్నాడు, ఇరవై ఏళ్ళుగా ఆ వరస అలాగే నిలిచిపోయింది. బండి ఇంజన్‌ను ఆయన తప్ప ఇంకొకరు ముట్టుకోవడానికి లేదు.

మేస్త్రి తన వెంట ఆ ఊరి ఎండనీ, ఆ ఊరి నమ్మకాన్నీ తెచ్చుకున్నాడు. ఆయిల్ చిక్కగా ఉండాలి. అంతే, దానికి తిరుగులేదు. షెడ్డు మూలనున్న పీపాలోంచి 'నలభై నంబరు' ఆయిల్ వేలి మీదకి తీసుకుని, బొటనవేలితో రుద్ది చూపించేవాడు. "చూడు చెల్లెమ్మా, వేలికి వేలు తగులుతోందా? తగలదు. ఇనుముకి ఇనుము తగలకుండా మధ్యలో ఇది పరుపులా ఉండాలి. పాత ఇంజన్ అంటే ముసలి ఒళ్ళు. దానికి మందపాటి పరుపు కావాలి." పెద్దమ్మ తల ఊపేది. తాతయ్య కూడా లారీ గురించి అచ్చం అవే మాటలు అనేవాడట.

అందుకని ఆయిల్ మార్చాలన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. ఆయిల్‌కి చలి పుడుతోంది కాబట్టి దాన్ని వెచ్చగా పడుకోబెట్టాలి అనుకున్నారు. రెండో చలికాలం మొదలవగానే పెద్దమ్మ ఒక పని మొదలుపెట్టింది. సాయంత్రం తిరిగి రాగానే, ఇంజన్ ఇంకా వేడిగా ఉండగానే, బండి కిందికి దూరి ఆయిల్ మొత్తం స్టీలు క్యానులోకి దించేది. స్టీరింగ్‌కి 'ఆయిల్ లేదు, ముట్టుకోవద్దు' అని అట్ట కట్టేది. క్యానును రెండు చేతులా ఎత్తుకుని ఇంట్లోకి తెచ్చి, వంటింట్లో పొయ్యికి రెండు మూరల దూరంలో పెట్టి, పైన పాత దుప్పటి కప్పేది. పొద్దున్నే మళ్ళీ తీసుకెళ్ళి ఇంజన్‌లో పోసేది.

"ఇంట్లో నాకో సవతి తయారైందే" అనేవాడు పెదనాన్న. "నాకు జలుబు చేస్తే దుప్పటి లేదు గానీ దానికి మాత్రం ఉంది."

"మీరు కొండ ఎక్కుతారా? అది ఎక్కుతుంది" అనేది పెద్దమ్మ.

డిసెంబరు అంతా అలా గడిచింది. వంటింట్లో రొట్టెల వాసనతో పాటు ఆయిల్ వాసన కలిసిపోయింది. నా నోటు పుస్తకాలకీ పట్టింది. తెల్లవారకముందు నేను సగం నిద్రలో ఉండగా పెద్దమ్మ క్యాను ఎత్తుకుని నా మంచం పక్కనుంచి వెళ్ళేది. పసిబిడ్డ లేస్తుందేమోనన్నట్టు అడుగులో అడుగు వేసుకుంటూ. నాకు అది నిజమో కలో తెలిసేది కాదు.

జనవరి మొదటి వారంలో చలి ముదిరింది. ఒకరోజు పెద్దమ్మ ఆయిల్ పోసి, ముందు అద్దం మీద గడ్డకట్టిన మంచు గీకడానికి కూర్చుంది. అద్దం శుభ్రం చేసేసరికి అరగంట పట్టింది. ఈలోపు చల్లటి ఇనుములో పడిన వెచ్చటి ఆయిల్ మళ్ళీ బిగుసుకుపోయింది. తాళం తిప్పితే అదే మూలుగు. బ్యాటరీ అయిపోయేదాకా తిప్పింది. ఒక రోజు పోయింది.

నాలుగు రోజుల తర్వాత మెట్ల మీద మంచు పేరుకుంది. పెద్దమ్మ కాలు జారింది. ఆమె పడలేదు గానీ క్యాను పడింది. అయిదు మెట్ల మీదుగా ఆయిల్ నల్లగా, నింపాదిగా దిగిపోయింది. దానికి ఏ తొందరా లేదు. మేము ముగ్గురం నిలబడి చూశాం. రెండో రోజు కూడా పోయింది.

ఆరోజే పెద్దమ్మ మేస్త్రి దగ్గరికి వెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను.

"అన్నయ్యా, కాస్త పల్చటిది పోస్తే ఎలా ఉంటుంది?"

మేస్త్రి చేతిలో స్పానర్ కింద పెట్టాడు. "ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు. అడుగుతున్నాను."

"పల్చటిది పోస్తే వారంలో ఇంజన్ కొట్టుకు చస్తుంది. నా చేత్తో మాత్రం పొయ్యను. కావాలంటే నీళ్ళు పోసుకుని నడుపు."

"మా ఆయన మిషన్‌కి నీళ్ళలాంటి నూనే వేస్తారు. ముప్పై ఏళ్ళుగా కుడుతోంది."

"బావ మిషన్ రెండు టన్నుల పుస్తకాలు మోసుకుని కొండ ఎక్కుతుందా?" అన్నాడు మేస్త్రి. పెద్దమ్మ మళ్ళీ నలభై నంబరే క్యానులో పట్టించుకుని వచ్చింది.

మర్నాడు బండి కనుమ దాకా వెళ్ళింది. మంచు మామ పుస్తకం తిరిగిస్తుంటే పెద్దమ్మ మాటల్లో మాటగా తన కష్టం చెప్పింది. ఆయన తన మంచు బండి వైపు గడ్డం ఊపాడు.

"నా బండి ఇక్కడే ఆరుబయట పడుకుంటుందక్కా. ఒక్కరోజూ మొరాయించదు. పల్చటి ఆయిల్ పోస్తాం. డబ్బా మీద రెండంకెలు ఉంటాయి చూడు. డబ్ల్యూ పక్కనున్న ముందు అంకె చలిది. అది ఎంత తక్కువైతే చలిలో అంత తేలిగ్గా పారుతుంది. వెనక అంకె వేడిది. ఇంజన్ కాగాక ఎంత చిక్కగా నిలబడుతుందో అది చెబుతుంది. రెండూ చూసుకోవాలి."

ఆయన రెండూ అన్నాడు. నేను విన్నాను, పెద్దమ్మ కూడా వింది. కానీ రెండు రోజులు పోగొట్టుకున్న మనిషికి చలి ఒక్కటే వినపడింది. కిందికి రాగానే పెద్ద బజారులో కొత్త కార్ల సామాన్ల దుకాణానికి వెళ్ళి, "చలి అంకె అన్నిటికంటే తక్కువున్నది ఇవ్వండి" అంది. దుకాణం అతను 'జీరో డబ్ల్యూ ట్వంటీ' డబ్బా తీసిచ్చాడు. కొత్త కార్లకి వాడేదే, మంచి ఆయిలే. పెద్దమ్మ తనే బండి కింద దూరి పాతది దించి దీన్ని పోసింది. మేస్త్రికి చెప్పలేదు. పెళ్ళయి ఈ ఊరికి వచ్చాక ఆమె మేస్త్రికి చెప్పకుండా చేసిన మొదటి పని బహుశా అదే.

మర్నాడు పొద్దున తాళం తిప్పగానే ఇంజన్ అందుకుంది. ఎంత తేలిగ్గా అంటే పెద్దమ్మ నమ్మలేక ఆపేసి మళ్ళీ తిప్పింది. పెదనాన్న కిటికీలోంచి చప్పట్లు కొట్టాడు. వీధిలో మంచు పొగలాగా లేచింది. నేను వెనక పీట మీద కూర్చున్నాను. లోయ దాటి, ఉన్ని మిల్లు దాటి, కొండ ఎక్కడం మొదలుపెట్టాం. బయట అంతా తెల్లగా, చెట్లు సగం చెరిపేసిన బొమ్మల్లా ఉన్నాయి. నేను ఏదో పద్యం మనసులో అనుకుంటున్నాను, బండి చప్పుడు దానికి సరిగ్గా తాళం వేస్తోంది. అలా ఎంతసేపు వెళ్ళామో గానీ, ఆ తాళంలో ఇంకో చప్పుడు కలిసింది. టిక్కు టిక్కుమని, వేలిగోటితో రేకు డబ్బా మీద కొట్టినట్టు.

పెద్దమ్మ ముందున్న ఎర్ర దీపం వెలిగింది. ఆయిల్ దీపం.

ఆమె ఇంకో గజం కూడా వెళ్ళలేదు. బండి పక్కకి తీసి తాళం తిప్పేసింది. కొండ మీద ఇంత నిశ్శబ్దం ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఇంజన్ కాగింది. కాగాక ఆ ఆయిల్ ఇంకా పల్చబడి, అరిగిపోయిన పాత ఇనుము సందుల్లో నిలబడలేకపోయింది. మేస్త్రి భయపడింది అదే.

ఫోను చేస్తే మేస్త్రి గంటలో వచ్చాడు. పుల్ల తీసి రెండు వేళ్ళ మధ్య ఆయిల్ రుద్దాడు. చెవి ఇంజన్‌కి ఆనించి చేత్తో దాన్ని కాస్త తిప్పి విన్నాడు. "బతికింది. వెంటనే ఆపావు కాబట్టి బతికింది" అన్నాడు. తర్వాత, బండిని తన జీపుకి కట్టుకుంటూ, పెద్దమ్మ వైపు చూడకుండా, "చెప్పి ఉంటే వద్దనేవాణ్ణి. అందుకే చెప్పలేదు కదూ?" అన్నాడు.

పెద్దమ్మ తాడు ముడి పట్టుకుని నిలబడింది. "అవును అన్నయ్యా."

మూడో రోజు అలా పోయింది. ఇక మిగిలింది లేదు. చలికాలం మాత్రం ఇంకా అయిదు వారాలుంది.

మేస్త్రి మళ్ళీ నలభై నంబరు పోసి ఇచ్చాడు. పెద్దమ్మ మళ్ళీ క్యాను మోసింది. అన్నాచెల్లెళ్ళు మాట్లాడుకోవడం మానేశారు. ఆ వారం ఎలాగో గడిచింది గానీ శుక్రవారం రేడియోలో సోమవారం నుంచి చలి మైనస్ పద్దెనిమిదికి పడుతుందని చెప్పారు. అంత చలిలో దుప్పటీ, పొయ్యీ పనికిరావని పెద్దమ్మకి తెలుసు. ఆ శుక్రవారమే మంచు మామ తిరిగిచ్చిన ప్రేమకథతో పాటు గుడ్డలో చుట్టిన ఒక మందు సీసా కూడా ఇచ్చాడు. "నా బండిలో పోసేది ఇదేనక్కా. చూసుకో" అన్నాడు. సీసా మీద కాగితం అంటించి 'ఫైవ్ డబ్ల్యూ ఫార్టీ' అని రాశాడు.

దారి పొడుగునా పెద్దమ్మ ఆ సీసాని ఒళ్ళో పెట్టుకుని నడిపింది. ఇంటి దగ్గర బండి ఆపాక కూడా దిగలేదు.

"వెనక అంకె నలభై" అంది, నాతోనో తనలో తనో. "అన్నయ్యదీ నలభయ్యే కదే."

శనివారం సాయంత్రం ఆమె మూడు పొడుగాటి సన్న సీసాలు కడిగి తుడిచింది. ఒకదాన్లో మేస్త్రి నలభై నంబరు, రెండోదాన్లో ఎర్ర దీపం వెలిగించిన ఆయిల్, మూడోదాన్లో మంచు మామ ఇచ్చింది పోసి, కిటికీ బయట అరుగు మీద వరసగా పెట్టింది. తర్వాత వీధి చివరికి నడిచి వెళ్ళి, "అన్నయ్యా, రేపు పొద్దున టీకి రా. సైకిల్ చక్రంలో వేసే చిన్న గుండ్లు మూడు తీసుకురా" అంది.

"గోలీలాటా?"

"నువ్వు రా ముందు."

ఆదివారం పొద్దున మేస్త్రి ముక్కు దాకా మఫ్లరు చుట్టుకుని వచ్చాడు. టీ ముట్టుకోలేదు. పెద్దమ్మ ఏమీ వాదించలేదు. ముందు నలభై నంబరు సీసా ఎత్తి, ఒక గుండు దాని మూతిలో వదిలింది. నన్ను లెక్కపెట్టమంది.

గుండు ఆయిల్ మీద కాసేపు ఆగింది. దిగాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు ఉంది. తర్వాత దిగడం మొదలుపెట్టింది. నేను పది అన్నాను, పదిహేను అన్నాను. తేనె రంగు లోపల మెరుస్తున్న ఆ చిన్న గుండు చందమామలా ఎటూ కదలనట్టే కనిపిస్తూ కదులుతోంది. ముప్పై. నలభై. పెదనాన్న కుట్టడం ఆపి వచ్చి నిలబడ్డాడు. ఎవరి ఊపిరి వాళ్ళకి తెల్లగా కనిపిస్తోంది. గుండు అడుగు చేరేసరికి నేను అరవై రెండు అన్నాను.

"ఇంజన్ అడుగున ఉన్న ఆయిల్ పైదాకా ఎక్కాలంటే పొద్దున్నే దీనికి ఎంతసేపు పడుతుంది అన్నయ్యా?" అని పెద్దమ్మ మెల్లగా అడిగింది. "అంతసేపూ పైన ఇనుముకి ఇనుము తగులుతూనే ఉంటుంది కదా? నీ పరుపు ఇంకా చుట్ట చుట్టి కిందే ఉంటుంది."

పెద్దమ్మ పల్చటి ఆయిల్లో గుండు వేసింది. మూడు అనేలోపు అడుగున ఉంది. మంచు మామ సీసాలో ఏడు.

"పల్చన" అన్నాడు మేస్త్రి. "నేను చెబుతున్నదీ అదే. చలిలో ఇంత పల్చగా ఉంటే వేడిలో ఏమవుతుంది? మొన్న చూశావుగా, కొండ మీద."

"అదే చూద్దాం" అంది పెద్దమ్మ.

పెదనాన్న చేత ముందే ఒక చిన్న రేకు గిన్నెకి దబ్బనంతో చిల్లు పొడిపించింది. సీసాలు చిట్లకుండా ముందు గోరువెచ్చటి నీళ్ళలో నిలబెట్టి, ఆ నీళ్ళని పొయ్యి మీద మెల్లగా మరిగించింది. కొండ మీద ఇంజన్ ఎలా కాగుతుందో దాదాపు అలాగ. తర్వాత ఒక్కో ఆయిలూ గిన్నె నిండా పోసి, చిల్లులోంచి సన్నటి దారంలా కారిపోతుంటే లెక్కపెట్టమంది. ఎర్ర దీపం ఆయిల్ ఇరవై రెండుకే ఖాళీ అయింది. మేస్త్రి నలభై నంబరు ముప్పై ఒకటి.

మంచు మామ ఆయిల్ పోసేటప్పుడు గిన్నె మేస్త్రే పట్టుకున్నాడు. లెక్క కూడా ఆయనే పెట్టాడు, పైకే. ఇరవై రెండు దాటింది. ఇరవై ఎనిమిది. ఆయన గొంతు తగ్గింది. ముప్పై అన్నాక ఇంకా దారం తెగలేదు. ముప్పై ఒకటికి తెగింది.

కిటికీ అద్దం ఆవిరి పట్టి, బయట వీధి, బండి, మంచు అన్నీ కలిసి ఒకే మసక వెలుగైపోయాయి.

"వేడిలో ఇది నా ఆయిలే" అన్నాడు మేస్త్రి ఎట్టకేలకి. "చలిలో మాత్రం వేరే మనిషి."

"మన ఊళ్ళో చలి లేదు కాబట్టి మనకి తెలియలేదు అన్నయ్యా. ఒక్క అంకె చాలేది అక్కడ."

"ఇరవై ఏళ్ళయిందే మనం ఇక్కడికొచ్చి."

"వెచ్చటి షెడ్డుండేది కదా."

మేస్త్రి మఫ్లరు విప్పి, అప్పటికి చల్లారిపోయిన టీ ఒక్క గుక్కలో తాగాడు. పెదనాన్న ఊరుకోలేదు. "ఏం బావా, నా మిషన్ నూనె గురించి ఏదో అన్నావు?" అన్నాడు.

"అన్నాను. ఇప్పుడూ అంటాను. నీ మిషన్ కొండ ఎక్కదు" అన్నాడు మేస్త్రి. ఆ మాటకి పెద్దమ్మ నవ్వింది. వారం రోజుల తర్వాత.

మధ్యాహ్నం మేస్త్రే బజారంతా తిరిగి ఆ ఫైవ్ డబ్ల్యూ ఫార్టీ డబ్బా సంపాదించుకొచ్చాడు. పాత ఆయిల్ దించి, ఫిల్టరు మార్చి, తన చేత్తోనే పోశాడు. పోస్తూ, "రేపు ఆ ఎర్ర దీపం వెలిగిందా, మీ ఇంటి గడప తొక్కను" అన్నాడు. ఆ సాయంత్రం చాలా రోజుల తర్వాత ఆయిల్ ఇంట్లోకి రాలేదు. బండిలోనే ఉండిపోయింది, ఆరుబయట, కడుపులో దాచుకున్నట్టు.

సోమవారం పొద్దున లేచేసరికి కిటికీలన్నిటి మీదా మంచు పువ్వులు పూసి ఉన్నాయి. గాలి కూడా గడ్డకట్టినట్టు ఎటూ కదలడం లేదు. సూపరింటెండెంట్ మా వీధిలో ఉన్నాడు. నాలుగో రోజు అవుతుందేమో తనే చూసి రాసుకోవాలని వచ్చాడు కాబోలు, చంకలో కాగితాల అట్ట. మేస్త్రి బానెట్ దగ్గర నిలబడ్డాడు. పెదనాన్న మెడలో కొలత టేపుతోనే బయటికి వచ్చాడు. పెద్దమ్మ ఎవరి వైపూ చూడకుండా ఎక్కి కూర్చుంది. చేతి తొడుగు తీసి తాళం పట్టుకుంది.

ఇంజన్ ఒకసారి బరువుగా తిరిగింది. రెండోసారి తిరిగింది. మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు. మూడోసారికి అందుకుంది. ముందు గొంతు సవరించుకున్నట్టు రెండు మూడు దగ్గులు, తర్వాత నిలకడగా, మెత్తగా. టిక్కు టిక్కు లేదు.

సూపరింటెండెంట్ అట్ట తెరిచి, మళ్ళీ మూసేశాడు. "అమ్మా, నేను కూడా కనుమ దాకా రావచ్చా?" అన్నాడు. "పదేళ్ళయింది, అటు వెళ్ళి."

ఆయన నా పక్కన, అరల మధ్య, తలకిందులుగా పెట్టిన పుస్తకాల పెట్టె మీద కూర్చున్నాడు. కొండ మలుపులో, మొన్న ఆగిపోయిన చోట, పెద్దమ్మ వేగం తగ్గించింది. ముగ్గురం ఆ ఎర్ర దీపం వైపే చూస్తున్నాం. అది నల్లగా, ఆరిపోయిన కన్నులా ఉంది. చెట్లు వెనక్కి వెళ్ళాయి, తెల్లగా, ఒకదాని వెనక ఒకటి. కనుమ దగ్గర మంచు మామ చెయ్యి ఊపాడు. పెద్దమ్మ కిటికీ దించి, "రెండంకెలూ చూశాను తమ్ముడూ" అని అరిచింది. ఆయనకి ఇంజన్ చప్పుడులో వినపడిందో లేదో గానీ, రెండు వేళ్ళు ఎత్తి చూపించాడు.

మిగిలిన నాలుగు వారాల్లో బండి ఒక్కరోజూ ఆగలేదు. మార్చి నెలలో సూపరింటెండెంట్ పైకి పంపిన కాగితంలో బండి గురించి రెండే వాక్యాలు రాశాడని, అందులో రెండోది 'కొనసాగించవచ్చు' అని మాకు తర్వాత తెలిసింది. పాల కేంద్రం పెద్దాయన ఆ వసంతంలో నవల పూర్తి చేశాడు. ఇద్దరు పోయారని కోపంతో నెలరోజులు పెద్దమ్మతో మాట్లాడలేదు.

మేస్త్రి షెడ్డులో నలభై నంబరు పీపా ఇంకా ఉంది. లోయలో ట్రాక్టర్ల వాళ్ళు వేసవిలో పట్టుకెళతారు. పీపా పైన గోడ మీద ఆయన సుద్దతో పెద్ద అక్షరాల్లో చలి అంకె, వేడి అంకె అని గీసి, ఏ నెలలో ఏ బండికి ఏది పొయ్యాలో రాసుకున్నాడు. ఎవరైనా వచ్చి "ఇదేంటి మేస్త్రీ" అని అడిగితే, "మా చెల్లెలు నాకు పరీక్ష పెట్టింది. తప్పాను" అంటాడు.

పెద్దమ్మకు ఇప్పుడు యాభై ఎనిమిదేళ్ళు. రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్ళుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున ఏడింటికి బయల్దేరి, సాయంత్రం నాలుగింటికి ఇంటికి వస్తుంది.